పాండవుల గుట్టకు దారి చూపే మనిషి కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

సెలవులు రాగానే వరంగల్, హనుమకొండ బడుల నుంచి విహారయాత్ర బస్సులు లక్నవరానికి, రామప్పకు, బొగత జలపాతానికి బయలుదేరుతాయి. వేలాడే వంతెన మీద ఫొటోలు దిగి, తెచ్చుకున్న పులిహోర తిని, చీకటి పడకముందే తిరిగివచ్చే ఈ యాత్రల్లో, అడవి అంచున బతికే ఒక్క మనిషితోనైనా మాట్లాడకుండానే మన పిల్లలు ఇల్లు చేరుతున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ జీవశాస్త్ర ఉపాధ్యాయురాలిగా నేనూ వారిని అలాగే తిప్పానన్న బాధతోనే ఈ లేఖ రాస్తున్నాను.

మొన్న జనవరిలో మా కాలనీ పిల్లలు 18 మందిని భూపాలపల్లి జిల్లా రావులపల్లి దగ్గరి పాండవుల గుట్టకు తీసుకువెళ్లినప్పుడు, మేకలు కాసే ఒక పెద్దాయన మాకు దారి చూపించారు. ఇసుకరాతి బండల కింద ఆదిమానవులు వేసిన ఎర్రరంగు బొమ్మలు సరిగా కనబడడం లేదని ఒక పిల్లవాడు సీసాలోని నీళ్లు చల్లబోతే, ఆయన చేయి పట్టుకుని ఆపారు. "తడిపితే ఇప్పుడు మెరుస్తది బిడ్డా, ఎన్కసిరి రంగు పోతది. కండ్లు నీడకు అలవాటయ్యేదాక జర నిలబడు" అన్నారు. నిలబడ్డాం. కాసేపటికి బండ మీద జంతువు ఆకారం మెల్లగా తేలింది. ఆ పక్కనే ఎవరో తమ పేర్లు చెక్కి పోయారు. వాటిని చూపించేటప్పుడు ఆయన గొంతు మారింది.

చెదపురుగుల కోసం ఎలుగుబంటి పుట్టను తవ్విన తీరును, కొత్త చిగురు రావడానికి ఎండలు ముదరకముందే బీడీ ఆకునిచ్చే తునికి చెట్ల కొమ్మలు కొట్టే పద్ధతిని, తమ ఇంటి ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి ఆకు తెంపి 50 ఆకులకొక కట్ట కట్టే పనిని ఆయన నడుస్తూనే చెప్పారు. నిట్టబండ దగ్గర భయపడి ఆగిపోయిన ఎనిమిదో తరగతి అమ్మాయికి కాలు ఎక్కడ మోపాలో చూపి పైకి ఎక్కించారు. నిజామాబాద్ జిల్లా పాకాలలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టి, గురుకులంలో చదువుకుంటూ, భువనగిరి కోట బండ మీద ఎక్కడం నేర్చి, 2014 మే 25న పదమూడేళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు శిఖరం చేరిన మాలావత్ పూర్ణ గురించి నేను వారికి అక్కడే చెప్పాను. తరగతి గదిలో ఎన్నిసార్లు చెప్పినా, పిల్లలు అంత శ్రద్ధగా విన్నది నేనెన్నడూ చూడలేదు.

అటవీ, విద్యా శాఖలకు నా విన్నపం ఒక్కటే. ఇలాంటి చోట్లకు వెళ్లే ప్రతి విద్యార్థి బృందానికీ ఆ ఊరి మనిషే దారి చూపేలా, ఆ రోజు కూలి అతనికి తప్పక అందేలా ఏర్పాటు చేయాలి. బృందంలో పాతిక మందికి మించకూడదు, బొమ్మలను తాకకూడదు, మైకులు అసలే వద్దు. మాతో వచ్చిన పెద్దాయన ఎంత బతిమాలినా రూపాయి కూడా పుచ్చుకోలేదు. అది ఆయన పెద్దమనసు, కానీ అడవి గురించి అంత తెలిసినవారి రోజును మనం ఊరికే వాడుకోవడం న్యాయం కాదు. ఏర్పాట్లు ఇప్పుడే మొదలుపెడితే, వానలు తగ్గి కాలిబాటలు ఆరే దసరా సెలవులకు మొదటి బృందాలు నడవగలవు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ