మాదిరి జవాబుల బదులు ప్రతిపాదన రాయడం చూపించండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గరపడగానే పత్రికల విద్యా పేజీల్లో తెలుగు సాహిత్య ప్రశ్నలకు మాదిరి జవాబులు వస్తాయి. ఇంటర్, డిగ్రీ పిల్లలు వాటిని కత్తిరించి దాచుకుంటారు, బట్టీ పడతారు. ఆ పేరాలే జవాబు పత్రాల్లో పొల్లుపోకుండా మళ్లీ ఎదురవుతాయి. ఇందులో పిల్లల తప్పు తక్కువ. సాహిత్య వ్యాసం అంటే కవి పరిచయం, కథా సారాంశం, చివర సందేశం అని వాళ్లకు అలవాటు చేసింది మనమే. వ్యాసం ఒక మాట మీద నిలబడి వాదించాలి. ఆ మాటను ఒకటి రెండు వాక్యాల్లో ముందే చెప్పాలి. ప్రతి పేరా మొదటి వాక్యం ఆ వాదాన్ని ఒక్కో అడుగు ముందుకు నడపాలి. ఈ మూడూ విడమరచి చెప్పే చోటు వాళ్లకు దొరకడం లేదు. తరగతిలో ఈ పాఠం చెప్పే మేము ఆ పని ఎలా చేయవచ్చో మీ పాఠకుల ముందు పెడుతున్నాం. వ్యాసం నిలబడే మాటను ప్రతిపాదన అనీ, పేరా మొదటి వాక్యాన్ని ఎత్తుగడ అనీ అనుకుందాం.

గురజాడ ‘దిద్దుబాటు’ కథనే తీసుకుందాం. 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన ఈ కథ చాలామంది చదివినదే. సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు. పనివాడు రాముడి మీద చెయ్యి చేసుకుంటాడు. బల్ల మీద ఉత్తరం దొరుకుతుంది. దాన్ని చదివి పశ్చాత్తాపపడి, భార్యను పిలుచుకు రమ్మని రాముడికి రాయబారం ఒప్పజెబుతాడు. చివర మంచం కింద నుంచి కమలిని నవ్వు వినిపిస్తుంది.

ఈ కథ మీద వ్యాసం రాయమంటే వచ్చే మొదటి వాక్యాలు ఇంచుమించు ఇలా ఉంటాయి. ‘గురజాడ వెంకట అప్పారావు 1862లో జన్మించారు.’ ఇది సమాచారం. దీన్ని ఎవరూ కాదనరు కాబట్టి దీని మీద వాదించడానికి ఏమీ లేదు, పైగా అరపేజీ ఖర్చయిపోతుంది. ‘ఈ కథలో స్త్రీవిద్య ముఖ్యమైన అంశం.’ ఇది విషయం పేరు మాత్రమే, ఆ విషయం గురించి కథ ఏం తేలుస్తుందో ఇందులో లేదు. ‘గురజాడ స్త్రీవిద్య ఆవశ్యకతను అద్భుతంగా చిత్రించారు.’ ఇది మెచ్చుకోలు. ‘అద్భుతంగా’ అన్న మాటకు కథలోంచి రుజువు చూపించడం ఎవరి తరమూ కాదు. నాలుగోది ఇంకొంచెం తెలివైనది: ‘పాత్ర చిత్రణ, శిల్పం, సందేశం అనే మూడింటిలో ఈ కథ గొప్పది.’ చూడటానికి పద్ధతిగా ఉంటుంది గానీ ఆ మూడింటికీ మధ్య చుట్టరికం ఏమిటో చెప్పదు. అందుకే కింద రాసే పేరాలు ఒకదాని మొహం ఒకటి చూడవు.

వీటిని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. వాక్యంలో కథ పేరు తీసేసి వేరే కథ పేరు పెట్టండి. అప్పుడూ వాక్యం చెల్లితే అది ప్రతిపాదన కాదు. రెండో పరీక్ష కూడా వెంటనే చేయాలి: కథ చదివిన తెలివైన మనిషి ఎవరైనా ‘నేనొప్పుకోను’ అనగలడా? అనలేకపోతే మీరు వాదించడానికి ఏమీ మిగల్లేదన్నమాట.

మంచి ప్రతిపాదన కథలోని ఏదో ఒక పేచీ నుంచి పుడుతుంది. కాబట్టి రెండోసారి చదివేటప్పుడు పెన్సిలు పట్టుకుని, పొసగని చోట్ల గీత పెట్టుకోవాలి. ‘దిద్దుబాటు’లో అలాంటి చోటు ఒకటి స్పష్టంగా ఉంది. ఆడవాళ్లకు చదువెందుకన్న ధోరణిలో రాముడు మాట్లాడితే గోపాలరావు వాణ్ణి మూర్ఖుడని కోప్పడతాడు. సృష్టిలోకెల్లా గొప్పది చదువుకున్న స్త్రీయేనని ఉపన్యాసం ఇస్తాడు. శివుడు పార్వతికి సగం దేహం ఇచ్చాడంటాడు, ఇంగ్లీషువాడు భార్యను బెటర్ హాఫ్ అంటాడని కూడా చెబుతాడు. గైడ్లన్నీ ఈ మాటలనే కథా సందేశంగా ఎత్తి రాస్తాయి. కానీ ఈ మాటలు అంటున్నది ఎవరు? ఇప్పుడే సానిపాట నుంచి వచ్చి, పనివాణ్ణి కొట్టిన మనిషి. వింటున్నది ఎవరు? ఆ దెబ్బలు తిన్న రాముడు. విని ఏమన్నాడు? తనకేమీ బోధపడలేదన్నాడు. పేచీ ఇక్కడ ఉంది. ‘ఇంత మంచి మాటను గురజాడ ఇలాంటి వాడి నోట ఎందుకు పెట్టాడు?’ అన్న ప్రశ్నకు ఒకటి రెండు వాక్యాల్లో జవాబు రాయడానికి ప్రయత్నిస్తే ఇలాంటిది వస్తుంది:

‘స్త్రీవిద్యను పొగడటంతో ‘దిద్దుబాటు’ ఆగదు. దాన్ని పొగిడే సంస్కర్త నోటికీ నడవడికీ మధ్య ఉన్న దూరాన్ని అతడి మాటలతోనే బయటపెడుతుంది.’

దీన్ని కాదనవచ్చు. గోపాలరావు మనస్ఫూర్తిగా మారాడు కదా, ఆ ఉపన్యాసాన్ని అనుమానించడం దేనికని ఎవరైనా అడగవచ్చు. అడిగితే మంచిదే, వ్యాసానికి పని దొరికినట్టు. కథ పేరు మార్చి చూడండి, వాక్యం నిలబడదు. పొడవు పదిహేను నుంచి పాతిక మాటల లోపు ఉంటే చాలు. అంతకు మించితే రెండు ప్రతిపాదనలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయేమో చూసుకోవాలి.

క్రియ దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. తెలుగు వాక్యం బరువంతా చివరనున్న క్రియ మీద పడుతుంది. ‘చూపించారు, చిత్రించారు, వర్ణించారు, తెలియజేశారు’ అనే నాలుగు క్రియలతో ముగిసే ప్రతిపాదనల్లో నూటికి తొంభై చప్పగానే ఉంటాయి. ఏ రచయిత అయినా ఏదో ఒకటి చూపిస్తూనే ఉంటాడు మరి. ‘బయటపెడుతుంది, తిరగేస్తుంది, వాయిదా వేస్తుంది, అనుమానిస్తుంది, దాచిపెడుతుంది’ లాంటి క్రియ వేయబోతే రచన నిజంగా ఏం చేస్తోందో తేల్చుకోక తప్పదు. రెండో చిక్కు క్త్వార్థకాలది, అంటే ‘వచ్చి, చూసి’ లాగా వాక్యాన్ని ముగించని క్రియలది. ‘రాముణ్ణి పిలిచి, కొట్టి, ఉత్తరం చూసి, చదివి, బాధపడి’ అని గొలుసు కట్టుకుంటూ పోతే అసలు మాట చివరికి చేరేసరికి ఆయాసపడుతుంది. ప్రతిపాదనలో అలాంటి క్రియ ఒకటికి మించి ఉండకూడదని మేం పిల్లలకు చెబుతాం.

ఇక ఎత్తుగడ వాక్యాలు. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు కథను తిరిగి చెప్పడం. పేరా ‘తర్వాత’, ‘అప్పుడు’, ‘ఆ మరుక్షణం’ అని మొదలైందంటే విద్యార్థి వాదాన్ని వదిలేసి కథ వెంట పడ్డాడని గుర్తు. ‘తర్వాత గోపాలరావుకు బల్ల మీద ఉత్తరం కనిపించింది’ అన్నది సంఘటన. దాని బదులు ఇలా రాస్తే: ‘భర్త అబద్ధాలకు తానే కారణమని ఒప్పుకోవడం ద్వారా కమలిని ఉత్తరం అతడికి బదులు చెప్పే దారి మూసేస్తుంది.’ ఇప్పుడు పేరాకు చేయాల్సిన పని ఏర్పడింది. తాను ఇంట్లో ఉండబట్టే కదా ఆయన అసత్యాలు పలకాల్సి వచ్చిందని ఉత్తరంలో ఆమె అన్న మాటను తెచ్చి, అందులో తిట్టు ఎక్కడా లేదని చూపించి, తిట్టు లేకపోవడం వల్లే అతడికి కోప్పడే వీలు పోయిందని వివరించాలి.

అదే ప్రతిపాదన కింద మరో ఎత్తుగడ: ‘గోపాలరావు పశ్చాత్తాపం కూడా మాటగానే మిగిలిపోవచ్చన్న అనుమానాన్ని రాముడి రాయబారం నిలబెడుతుంది.’ అమ్మగారి దగ్గర ఏం చెబుతావో చెప్పమంటే, యజమాని చెప్పిన మంచి మాటలు రాముడి నోట్లో బెదిరింపుగా మారిపోతాయి. మగవాడి మాట వినకపోతే ఆయన సానిని ఉంచుకుంటాడని వాడు ఒప్పజెబుతాడు. నవ్వు తెప్పించే ఈ ఘట్టాన్ని చాలా వ్యాసాలు ‘హాస్యం’ అనే శీర్షిక కింద విడిగా పడేస్తాయి. పైన రాసిన ఎత్తుగడ ఉంటే అది వాదంలో ఇమిడిపోతుంది. ఎత్తుగడ చేయాల్సిన ముఖ్యమైన పని అదే, విడిగా పడున్న ముక్కను అసలు మాటకు ముడివేయడం.

ఎత్తుగడలో ఇంకో రెండు తప్పులు తరచుగా కనిపిస్తాయి. ఒకటి, కొటేషన్‌తో పేరా మొదలుపెట్టడం. చదివేవాడికి ఆ ఉటంకింపును దేనికోసం చూడాలో తెలియదు. రెండు, పేరా మోయలేనంత పెద్ద మాట ఇవ్వడం. ‘గురజాడ భాష తెలుగు వచనాన్నే మార్చేసింది’ అని మొదలుపెట్టి కింద ‘రాముడి మాటలు సహజంగా ఉన్నాయి’ అని ఆపేస్తే ఇచ్చిన మాట తప్పినట్టే.

రాసిన తర్వాత ప్రతి పేరాలో మొదటి వాక్యం ఒక్కటే వరుసగా బయటికి చదవమనండి. వాదం అర్థమైతే వ్యాసం నిలిచింది. రెండు ఎత్తుగడల చోటు మార్చినా తేడా తెలియకపోతే వాటి మధ్య లంకె లేదు. అప్పుడు ‘అయినా’, ‘అందుకే’, ‘ఇంతకుమించి’ లాంటి మాట వేసి సరిపెట్టడం కాకుండా రెండోది మొదటిదాని మీద ఎందుకు ఆధారపడిందో ఆలోచించాలి.

పద్యానికి ఇదంతా పనికిరాదని కొందరు అనుకుంటారు. పోతన భాగవతం గజేంద్రమోక్షంలోని ‘అల వైకుంఠపురంబులో’ పద్యం మీద వచ్చే వ్యాసాల్లో నూరుసార్లు కనిపించే వాక్యం ‘ఈ పద్యంలో భక్తి ఉట్టిపడుతోంది’. పద్యాన్ని పాదాల వారీగా చూడండి. వైకుంఠం, అందులో నగరి, అందులో ప్రధాన సౌధం, పక్కన మందారవనం, అందులో సరస్సు, దాని అంచున చంద్రకాంత శిలల మీద కలువల పాన్పు. మూడో పాదం దాకా కవి మనల్ని లోపలికి, ఇంకా లోపలికి తీసుకుపోతూనే ఉంటాడు. విష్ణువు రమతో వినోదిస్తున్నాడు, అంతే. నాలుగో పాదంలో ఏనుగు ‘పాహి పాహి’ అన్న కేక ఒక్కసారిగా వినిపిస్తుంది, ఆయన కదులుతాడు. పద్యం ‘సంరంభియై’ అనే అసమాపక పదంతో ముగుస్తుంది, వాక్యం తర్వాతి పద్యంలోకి పరుగెడుతుంది. దీన్నిబట్టి ప్రతిపాదన: ‘దేవుడి చుట్టూ ఇన్ని ప్రాకారాలు పేర్చింది, ఆర్తుడి కేకకు అవేవీ అడ్డం కావని నాలుగో పాదంలో తేల్చడానికే.’ మొదటి ఎత్తుగడ: ‘మొదటి మూడు పాదాల్లో చోటు ఇరుకవుతూ పోతుందే తప్ప ఎవరూ కదలరు.’ రెండో ఎత్తుగడ: ‘ఆ నిశ్చలత వల్లే నాలుగో పాదంలోని కదలికకు వేగం వచ్చింది.’ భక్తి అన్న మాట వాడకుండానే భక్తి ఎలా పనిచేస్తోందో ఈ రెండు పేరాలు చెప్పేస్తాయి.

పేరా లోపలి కొలతలు కూడా చెబితే పిల్లలకు ధైర్యం వస్తుంది. ఎత్తుగడ ఒక వాక్యం, మూలంలోంచి నాలుగు నుంచి ఎనిమిది మాటల ముక్క, దాని మీద మూడు నాలుగు వాక్యాల వివరణ. ఉటంకింపు కన్నా వివరణ ఎప్పుడూ పొడవుగా ఉండాలి. పద్యం మొత్తం రాసి ‘దీన్నిబట్టి తెలుస్తోంది’ అని ఒక వాక్యంతో ముగిస్తే రుజువు చూపినట్టు కాదు. అరగంటలో రాయాల్సిన జవాబుకు మొదటి ఐదు నిమిషాలు చివరి పేజీలో ప్రతిపాదన, మూడు ఎత్తుగడలు చిత్తుగా రాసుకోవడానికి పెట్టాలి. రాస్తూ రాస్తూ ముగింపులో ఇంకా మంచి మాట తడుతుంది, అది మామూలే. ఇంటి దగ్గర రాసే వ్యాసమైతే ఆ మాటను ఎత్తి మొదటి పేరాలో పెట్టి, ఎత్తుగడలను దానికి తగ్గట్టు సరిచేయాలి.

అమెరికాలో హైస్కూలు చదివే మన పిల్లల తల్లిదండ్రులు చాలామంది మీ పత్రికను ఇంటర్నెట్‌లో చదువుతారు కాబట్టి ఒక మాట. అక్కడి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఇంగ్లీషు లిటరేచర్ పరీక్షలో వ్యాసానికి 6 పాయింట్లుంటే 1 పాయింటు ప్రతిపాదనకే కేటాయించారు. 4 పాయింట్లు రుజువులకూ వివరణకూ ఇస్తారు. ప్రశ్నలోని మాటలనే తిప్పి రాస్తే ప్రతిపాదన పాయింటు రాదు. మన దగ్గర మార్కుల విభజన ఇంత విడిగా లేకపోయినా దిద్దేవాళ్లు వెతికేది మాత్రం ఇదే.

మీకు మా విన్నపం ఒక్కటే. ఈ ఏడాది విద్యా పేజీలో పూర్తి జవాబులు వేయకండి. వారానికొక ప్రశ్న, దానికి ఒకదానితో ఒకటి విభేదించే రెండు ప్రతిపాదనలు, వాటిలో ఒకదానికి మూడు ఎత్తుగడలు వేయండి. మిగతాది పిల్లలను రాయనివ్వండి. మొదటి వారానికి ప్రశ్న ‘కన్యాశుల్కం’ నుంచి తీసుకోవచ్చు: నాటకంలో ఆఖరి మాట సౌజన్యారావుకు దక్కకుండా గిరీశానికే ఎందుకు దక్కింది? దీనికి రెండు ప్రతిపాదనలు, మూడు ఎత్తుగడలు రాసి పంపడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
డిగ్రీ తరగతులకు తెలుగు బోధించే కొందరు అధ్యాపకులు,
విజయనగరం