గోడకు కన్నం వేసే ముందు

చిన్నోడా,

నిన్న వంటింటి చిమ్నీ ఫొటోలు పంపి "నలుపుదా, స్టీలుదా అమ్మా?" అని అడిగావు. ఏ రంగుదైనా ఆరు నెలలకి జిడ్డు రంగే. నేను అడగాలనుకున్నది వేరు, ఫోన్‌లో మాట తెగిపోతుంటే కుదరక రాస్తున్నాను. కొన్నది పాత ఫ్లాట్ కదా, పొగ ఏ గోడలోంచి బయటికి పోతుందో చూశావా?

మన ఇంట్లో చిమ్నీ కథ నీకు సగమే తెలుసు, అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. బిగించడానికి వచ్చిన అబ్బాయి గోడకి ముందే ఉన్న నాలుగంగుళాల కన్నం చూసి, "ఇది చాలండీ, మళ్ళీ పగలగొట్టడం ఎందుకు" అన్నాడు. గోడ పగలదంటే మీ నాన్నగారికి అంతకంటే ఏం కావాలి! చిమ్నీ మూతి ఆరంగుళాలు. దానికి నాలుగంగుళాల పైపు తగిలించి, అటక మీదుగా మూడు వంపులు తిప్పాడు. రెండంగుళాలే కదా తేడా అనుకుంటాం. గుండ్రటి మూతి వైశాల్యం లెక్కేస్తే, గాలి పోయే దారి సగం కూడా లేదు.

స్విచ్ వేస్తే రైస్ మిల్లు చప్పుడు. ఎండుమిరపకాయల తాలింపు వేస్తే మీ నాన్నగారు టీవీ వదిలేసి దగ్గుకుంటూ వీధిలోకి పోయేవారు.

ఆ అబ్బాయి వెళ్ళేముందు ఫిల్టర్‌కి కాగితం అంటించి "చూశారా మేడం, ఎలా పట్టుకుందో" అన్నాడు. నమ్మాను. కాగితానికేం, కాస్త గాలున్నా అంటుకుంటుంది. రెండేళ్ళకి వచ్చిన ముసలి మేస్త్రీ నన్ను పెరట్లోకి పిలిచి పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టమన్నాడు. పసిపిల్ల ఊదినంత గాలి! అటకెక్కి పైపు విప్పితే, వంపులో నూనె పేరుకుపోయి, బెల్లం పాకంలా వేలికి తీగ సాగింది. తర్వాత మిషన్‌తో గోడకి కన్నం కోసే కోర్ కటింగ్ వాళ్ళు వచ్చి సరైన కొలతకి గుండ్రంగా కోశారు. ఇప్పుడు ఒక్కటే వంపు.

అందుకని మిషన్ కంటే ముందు దారి చూడు. బీమునీ పిల్లర్‌నీ ఎవరినీ ముట్టుకోనివ్వకు, "చిన్న కన్నమే సార్" అన్నా సరే. బయటి గోడకైతే అసోసియేషన్ వాళ్ళని ముందే అడుగు. ఆ మూతి పక్కవాళ్ళు బట్టలారేసుకునే చోటికి తిరిగితే రోజూ గొడవే. ముడతల పైపు అయితే పూర్తిగా సాగదీసి, మిగిలింది కోసేయమను. కుదించి అటకలో కుక్కితే గాలి ఆ ముడతల్లోనే ఆగిపోతుంది. బయట రెక్కల మూత పెట్టించు, లేకపోతే పావురాలు కాపురం పెడతాయి. స్టవ్‌కి రెండు, రెండున్నర అడుగుల పైన చిమ్నీ ఉండాలి. నీ ఎత్తుకి తల తగులుతుందని ఇంకా పైకి జరిపించకు.

పైపే అక్కర్లేని బొగ్గు ఫిల్టర్ రకం కూడా ఉందంటున్నావు. అది కాస్త వాసన పీల్చి అదే గాలిని మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది, వేడి ఎక్కడికీ పోదు. మన వంటలకి అది ఆనదు.

నాకు అసలు టెన్షన్ మీ యుటిలిటీలో ఉన్న గ్యాస్ గీజర్ గురించి. తలుపులన్నీ మూసి చిమ్నీ జోరుగా వేస్తే, బయటికి పోయినంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి కదా. గీజర్ వదిలిన గాలినే లోపలికి లాగొచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే వాసన కూడా తెలీదు, మనిషి ప్రాణం పోతుంది. ముందు అది తీయించి కరెంటు గీజర్ పెట్టించు. ఆ తర్వాత కూడా వంట చేసేటప్పుడు హాల్లో కిటికీ కొంచెం తీసి ఉంచండి. స్టవ్ పక్క కిటికీ కాదు, ఆ గాలికి పొగ చిమ్నీకి అందకుండా పక్కకి పోతుంది.

ఆదివారం టేపు పెట్టి స్టవ్ నుంచి బయటి గోడ దాకా కొలిచి, ఆ గోడ ఫొటోలు లోపలినుంచొకటి, బయటినుంచొకటి పంపు. మేస్త్రీకి చూపిస్తాను. రంగు సంగతి కోడల్ని అడుగు.

అమ్మ