కొండ మీది కుళాయికి నీళ్లివ్వండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఏ కొండ గురించి రాస్తున్నానో మీకు తెలుసు. మూడు అర్జీలు ఇచ్చాను, రెండింటికి రసీదులు కూడా నా దగ్గరున్నాయి. జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మొన్న మే నెలలో కరీంనగర్ నుంచి మా అక్కావాళ్లు సముద్రం చూడ్డానికి విశాఖ వచ్చారు. రెండు రోజులు ఆర్కే బీచ్, రుషికొండ తిరిగాక పిల్లలు కొండెక్కుదామన్నారు. పొద్దున్నే బయలుదేరాం. మనిషికో లీటరు సీసా. కొండ మొదట్లో ‘పైన మంచినీటి సౌకర్యం కలదు’ అని మీవాళ్లు పెట్టిన బోర్డుంది కదా, అది నమ్మి అంతకన్నా ఎక్కువ మోయొద్దని నేనే చెప్పాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

మన ఊరి ఉక్కపోత మీకు చెప్పక్కర్లేదు. సగం ఎక్కేసరికే చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. పైకి చేరేసరికి సీసాలన్నీ ఖాళీ. కుళాయి ఉంది. మా చిన్న మేనల్లుడు పరిగెత్తుకెళ్లి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. వంగి చూస్తే దాని మూతి నిండా సాలెగూడు. “నీళ్లు వస్తలేవు మామా” అన్నాడు. ఎదురుగా కనుచూపు మేరంతా సముద్రం, పిల్లాడి చేతిలో ఖాళీ సీసా.

బావగారికి షుగర్. కళ్లు తిరుగుతున్నాయని బండ మీద కూలబడ్డారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కట్టెల మోపుతో దిగుతున్న ఒకావిడ మోపు దించి, తన సీసా తీసి ఇచ్చింది. అందులో ఉన్నవి సగం నీళ్లే. “తాగండి బాబూ, నాను కిందకెళ్లి తాగుతాను” అంది. ఆ టెన్షన్‌లో ఆవిడ పేరు కూడా అడగలేదు.

మర్నాడు బావగారు కోలుకున్నాక కారులో తొట్లకొండ వెళ్లాం. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడ్డ బౌద్ధారామం అది. రెండు వేల ఏళ్ల కిందట, 128 మీటర్ల ఎత్తున, భిక్షువులు రాతిని తొలిచి నీటి తొట్లు చేసుకున్నారు. ఆ తొట్ల వల్లే కొండకా పేరొచ్చింది. పక్కన బావికొండ, అటు మాధవధార. మన పెద్దలు పేరు పెట్టేటప్పుడు కూడా ముందు నీళ్లు చూసుకున్నారు మంత్రి గారూ. మనకిప్పుడు మోటార్లున్నాయి, పైపులున్నాయి, బోర్డు కూడా ఉంది.

వ్యూపాయింట్లు, సెల్ఫీ స్పాట్లు నేను అడగడం లేదు. ఆ కుళాయికి నీళ్లివ్వండి. అది కుదిరేదాకా కనీసం ఎండాకాలం ఒక చలివేంద్రం పెట్టించండి, రెండు కుండలు, ఒక మనిషి. అదీ కుదరదంటే ఆ బోర్డైనా తీయించండి, దాన్ని నమ్మి ఇంకో కుటుంబం పైకి వెళ్లకుండా ఉంటుంది.

పిల్లలు దసరా సెలవులకు మళ్లీ వస్తామంటున్నారు. ఈలోగా దయచేసి మీరే ఒకసారి ఆ కొండెక్కి, కుళాయి తిప్పి చూడండి.

ఇట్లు,
విశాఖవాసి