హంద్రీ గట్టు, మురుగు కాలువ పనుల జమా ఖర్చుల వివరణ

వీధిలోని పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, దూరాన ఉండి కూడా డబ్బు పంపిన మన పిల్లలకు కమిటీ తరఫున నమస్కారం.

ఉగాది తర్వాత రామాలయం అరుగు మీద కూర్చుని మొదలుపెట్టిన హంద్రీ ఏటి గట్టు, మురుగు కాలువ పని దసరాకు ముందే ఒక కొలిక్కి వచ్చింది. మొత్తం జమ 4,58,770 రూపాయలు. మొత్తం ఖర్చు 4,18,800. నిల్వ 39,970. ఇందులో బ్యాంకులో 37,660, కోశాధికారి దగ్గర నగదు 2,310 ఉన్నాయి.

వివరాల్లోకి వెళ్లేముందు వీధిలో అందరూ అడుగుతున్న మాటకు జవాబు చెప్పాలి. "గట్టుకు గోడ కడతామని చందా తీసుకుంటిరి, దుడ్డంతా కాలువకు పోస్తిరే?" అని. అడగాల్సిన ప్రశ్నే. ఖర్చులో 3,18,260 రూపాయలు కాలువకు పోయింది. గట్టుకు పెట్టింది 95,400 మాత్రమే. ఎందుకట్లా చేశామో చెప్పకుండా అంకెలు మాత్రం చూపిస్తే అది లెక్క చెప్పినట్టు కాదు.

గట్టు కోసుకుపోతోందంటే అందరి చూపూ ఏటి మీదికే పోతుంది. 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు మేడల మీద రాత్రంతా నిలబడిన ఊరు మనది. ఆ వరదకు శ్రీశైలం జలాశయం నిండి నీళ్లు వెనక్కి ఎగదన్నాయి, తుంగభద్ర ఒకపక్క, హంద్రీ ఇంకోపక్క పొంగాయి. ఆ భయం మనకింకా పోలేదు. అందుకే వీధి చివర బాట విరిగి ఏట్లో పడుతుంటే ఏరే కోస్తోందని మనమంతా అనుకున్నాం. పన్నెండు అడుగుల బాట నాలుగడుగులకు వచ్చింది. స్కూలు ఆటో చివరి ఇళ్ల దాకా రావడం మానేసింది. చివరి ఇంటి ప్రహరీ ఏటివైపుకు ఒరిగింది.

కానీ హంద్రీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే ఏరు. మద్దికెర వైపు పుట్టి, గాజులదిన్నె జలాశయం దాటి, ఇక్కడ తుంగభద్రలో కలుస్తుంది. పైన వానలు గట్టిగా పడినా, గాజులదిన్నె గేట్లు ఎత్తినా నీళ్లొస్తాయి, కొన్నాళ్లకు తగ్గిపోతాయి. మన గట్టు మాత్రం ఏట్లో చుక్క నీరు లేని రోజుల్లో కూడా పెళ్లలు పెళ్లలుగా పడింది. ఇది మొదట గమనించింది పనికి మాట్లాడటానికి వచ్చిన పెద్ద మేస్త్రీ. ఏట్లోకి దిగి గట్టును కింది నుంచి చూసి, తడిసి నల్లగా ఉన్నచోట చెయ్యి పెట్టి చెప్పాడు: "అన్నా, ఇవి ఏటి నీళ్లు కావు, మీ నీళ్లే. గట్టు లోపల్నించి తాగతా ఉంది. గోడ కట్టినా ఇది ఎనకనుంచి తోస్తుంది."

ఆయన మాట మీదే పోలేదు. నీళ్ల పైపు పట్టి కాలువ అడుగు మట్టం చూశాం. పారదర్శకంగా ఉండే సన్న పైపులో నీళ్లు నింపి, ఒక కొస వీధి మొదట్లో, ఇంకో కొస ముందుకు జరుపుకుంటూ చివరిదాకా గుర్తులు పెట్టించాం. అందరూ చూస్తుండగానే తేలింది. గుడి దగ్గర్నుంచి మలుపు వరకు వాటం బాగానే ఉంది. మలుపు దాటాక చివరి 140 అడుగుల్లో కాలువ అడుగు కిందికి పోవాల్సింది పోయి నాలుగంగుళాలు పైకి లేచింది. అంటే 84 ఇళ్ల వాడకం నీళ్లు అక్కడికొచ్చి నిలబడుతున్నాయి. ఆ భాగంలో అడుగున సిమెంటు కూడా లేదు, వట్టి మట్టి. మనది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. నిలిచిన మురుగు ఆ నెర్రెల్లోకి దిగి గట్టు కడుపులో చేరుతోంది. ఇక ఏటికి నీళ్లొచ్చి గబగబా తగ్గినప్పుడు బయట ఆనించి ఉన్న నీరు పోతుంది, లోపల నానిన మట్టి బరువు మాత్రం అట్లాగే ఉంటుంది. అప్పుడే పెళ్ల విరుగుతుంది. వరద తగ్గిన మర్నాడు గట్టు పడుతోందని చివరి ఇంటి అవ్వ ఎన్నోసార్లు చెప్పింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

ఈ సంగతి తేలాక మళ్లీ మీటింగు పెట్టి, వచ్చినవాళ్ల సంతకాలు తీసుకున్నాకే కాలువ పని ముందు చేయాలని నిర్ణయించాం. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఉంది.

ఆ మీటింగులో కాకినాడలో ఉద్యోగం చేసి వచ్చిన ఒకాయన ఇసుక సంచుల గోడ వేద్దామన్నాడు. ఉప్పాడ తీరంలో సముద్రం ఊరిని కోసేస్తుంటే పెద్ద పెద్ద జియో ట్యూబుల్లో ఇసుక నింపి అడ్డం వేశారని, అది తను చూశానని చెప్పాడు. మంచి ఆలోచనే, దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. కానీ అక్కడ అల ఎదురుగా వచ్చి కొడుతుంది, తీరం వెంబడి పోయే ప్రవాహం ఇసుకను పక్కకు లాక్కుపోతుంది. గోడకు తగిలిన అల కింద ఇసుకను తోడేస్తుంది కాబట్టి ఉప్పాడలో ఆ ట్యూబులూ తర్వాత దెబ్బతిన్నాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో అయితే హార్బరు దగ్గర చేరిన ఇసుకను తవ్వి తెచ్చి తీరంలో పోస్తుంటారు. అక్కడి బాధ ఎదురు దెబ్బది, మనది వెనక తడిది. మందు కూడా వేరే ఉండాలి.

ఇక జమ.

ఇంటి చందా, 71 ఇళ్లు, ఇంటికి 4,000 చొప్పున: 2,84,000
అద్దెకు ఉంటున్న 19 కుటుంబాలు, 500 చొప్పున: 9,500
వీధి మొదట్లోని ఆరు దుకాణాలు: 27,000
బయటి ఊళ్లలో, విదేశాల్లో ఉన్న మన పిల్లలు పంపినది: 1,15,000
వినాయక చవితి నిధిలో పోయినేటి మిగులు: 18,600
పాత కల్వర్టు ఇనుము అమ్మగా: 3,400
బ్యాంకు వడ్డీ: 1,270
మొత్తం: 4,58,770

అద్దెకుండే వాళ్లను మేము అడగలేదు. ఇల్లు వాళ్లది కాదు, రేపు ఖాళీ చేసి పోతారు. అయినా వాళ్లే వచ్చి ఇచ్చారు. ఈ జాబితాలో అన్నిటికంటే చిన్న మొత్తాల్లో ఇదొకటి, మేము అన్నిటికంటే గౌరవంగా రాసుకున్నది కూడా ఇదే.

చందా ఇవ్వని ఇళ్లు పదమూడు. వాటిలో నాలుగు ఇళ్లకు మీటింగులోనే మాఫీ చేశాం, పింఛను మీద బతికే ముసలివాళ్లు. మిగిలిన తొమ్మిది ఇళ్ల నుంచి 36,000 రావాలి. పేర్లు గుడి దగ్గర బోర్డు మీద రాయమని కొందరు గట్టిగా అడిగారు. రాయలేదు, రాయం. మురుగు ఏ ఇంటిదైనా ఒకే కాలువలో పోతుంది, ఒకరిని నలుగురిలో తలదించుకునేలా చేసి వసూలు చేసే డబ్బు ఈ వీధికి మంచిది కాదని మా అభిప్రాయం. వీలైనప్పుడు ఇవ్వవచ్చు, రసీదు ఇస్తాం.

ఖర్చుల్లో మొదటిది పూడికతీత, 44,800. జేసీబీ 14 గంటలు, గంటకు 1,200 చొప్పున 16,800. తీసిన మట్టి, ప్లాస్టిక్ కవర్లు, కుళ్లిన చెత్త తరలించడానికి ట్రాక్టరు 22 ట్రిప్పులు, 700 చొప్పున 15,400. మలుపు దగ్గర సందులో జేసీబీ తిరగదు కాబట్టి అక్కడ కూలీలతో తీయించాం, 12,600. కూలీలకు బూట్లు, చేతి తొడుగులు కొనిచ్చాకే పని మొదలుపెట్టించాం. ఆ డబ్బు ఇందులోనే ఉంది.

పెద్ద ఖర్చు చివరి 140 అడుగుల కొత్త కాలువ, గట్టు మీద నుంచి ఏట్లోకి దిగే మెట్లు. మొత్తం 2,16,600. సిమెంటు 160 బస్తాలు 370 చొప్పున 59,200, ఇసుక 24,000, కంకర 18,500, సైజు రాయి 26,400, మేస్త్రీలు, కూలీలకు 88,500. కూలి ఒప్పందం 98,500. మిగతా పదివేలు ఒక వానాకాలం గడిచి, పని నిలిచిందని చూశాక ఇస్తామని ముందే రాసుకున్నాం. కాబట్టి పైన చెప్పిన నిల్వలో పదివేలు మేస్త్రీవి, మనవి కావు. మన చేతిలో నిజంగా ఉన్నది 29,970.

ఇసుక గురించి ఒక మాట. ఎదురుగా హంద్రీ ఉంటే ఇసుక కొనడమేమిటని చాలామంది విసుక్కున్నారు. రాత్రిపూట ఉచితంగా తోలిస్తామని వచ్చినవాళ్లూ ఉన్నారు. గట్టు కాళ్ల దగ్గర ఇసుక తోడితే గట్టు ఎట్లా నిలబడుతుంది? ఆ 24,000 బిల్లుతో కొన్న ఇసుకకే. ఇందులో రూపాయి కూడా వృథా కాలేదని మా గట్టి నమ్మకం.

కొత్త కాలువకు వంద అడుగులకు ఆరు అంగుళాల వాటం పెట్టించాం. చివర నీళ్లు ఒక్కసారిగా పై నుంచి పడితే కింద గుంత పెడుతుంది, ఆ గుంతే మళ్లీ గట్టును లాగుతుంది. అందుకే మెట్లు. ఒక్కో మెట్టు మీద నీటి దూకుడు తగ్గి, కింద రాతి పరుపు మీద నెమ్మదిగా పరుచుకుని ఏట్లో కలుస్తుంది.

కాలువ కొసకు ఆరు సిమెంటు తూములు, 2,900 చొప్పున 17,400. వాటి మూతికి ఇనుప తలుపు, 14,500. ఈ తలుపు చాలామంది చూడలేదు, ఒకసారి దిగి చూడండి. పైన బందుల మీద వేలాడే మందపాటి రేకు, చుట్టూ రబ్బరు పట్టీ. మన నీళ్లు తోస్తే బయటికి తెరుచుకుంటుంది. ఏరు ఎక్కినప్పుడు అవతలి నీళ్లే దాన్ని నొక్కి మూసేస్తాయి. ఇంతకుముందు తుంగభద్ర నిండుగా ఉండి హంద్రీ వెనక్కి తన్నినప్పుడల్లా ఏటి నీళ్లు కాలువ గుండా చివరి ఇళ్ల బాత్‌రూముల్లోకి వచ్చేవి. ఈసారి నీళ్లొచ్చినప్పుడు రాలేదు.

కాలువ మీద మూతకు బేతంచెర్ల నాపరాళ్లు 96, రాయి 260 చొప్పున 24,960. ప్రతి పదో రాయికి కొక్కెం పెట్టించాం, ఎత్తి శుభ్రం చేయడానికి. దయచేసి వాటి మీద బండ్లు నిలపకండి, మెట్లు కట్టకండి.

గట్టు పని 95,400. జలవనరుల శాఖ అనుమతి కాగితం చేతికొచ్చాకే ఏట్లో కాలు పెట్టాం. వైరు బుట్టలు 18, 2,100 చొప్పున 37,800. వాటిలో నింపడానికి రాయి 12 ట్రాక్టర్లు, 2,600 చొప్పున 31,200. పేర్చిన కూలి 21,600. గోడకు బదులు రాతి బుట్టలు ఎందుకంటే, లోపల చేరిన నీరు రాళ్ల సందుల్లోంచి బయటికి పోతుంది, నేల కాస్త కుంగినా బుట్ట వంగి సర్దుకుంటుంది, గోడలాగా పగలదు. పైన వాలులో వట్టివేరు, కానుగ మొక్కలు పెట్టడానికి 4,800. వాటికి నీళ్లు పోసింది వీధి పిల్లలే.

చిల్లర ఖర్చు 5,140. రసీదు పుస్తకాలు, జెరాక్స్, ఆటో కిరాయిలు, పనివాళ్లకు టీ టిఫిన్లు. కమిటీ సభ్యులు ఎవరూ పెట్రోలుకు గానీ ఫోనుకు గానీ తీసుకోలేదు.

ఇంకా తీరని సమస్య ఒకటుంది. ఏరు నిండుగా ఉండి తలుపు మూసుకున్న రోజే ఊళ్లో గట్టి వాన పడితే, మన నీళ్లు బయటికి పోలేక మలుపు దగ్గర నిలబడతాయి. ఏటి నీళ్లు రాకుండా ఆపాం గానీ, ఆ కొన్ని గంటల వాన నీటికి దారి ఇంకా లేదు. దానికి ఆయిల్ ఇంజను అద్దెకు తెచ్చి తోడించాలి, లేదా మలుపు దగ్గర ఖాళీ స్థలంలో చిన్న సంపు కట్టి మోటారు పెట్టాలి. ఉన్న 29,970 ఇంజను అద్దెకైతే సరిపోతుంది, సంపుకు చాలదు. ఇది కమిటీ ఒక్కటే తేల్చే విషయం కాదు.

కార్తీక పౌర్ణమి తర్వాతి ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు గుడి దగ్గర మీటింగు ఉంటుంది. క్యాష్ బుక్, ఓచర్లు, బిల్లులు, పాస్‌బుక్ అన్నీ బల్ల మీద పెడతాం. అంతకుముందే చూడాలనుకునేవాళ్లు కోశాధికారి ఇంటికి ఏ సాయంత్రమైనా రావచ్చు. ఏ పద్దు మీదైనా సందేహముంటే పద్దు నంబరు రాసి ఇస్తే, బిల్లుతో సహా మీటింగులో చదివి వినిపిస్తాం. ఇంజనా, సంపా అన్నది ఆ రోజే తీర్మానం చేద్దాం, ఇంటికి ఒకరైనా రావాలి.

కమిటీ తరఫున,
కోశాధికారి