దెనో గీసిన బొమ్మలు, మా చెరువు కట్ట మీది రాయి

సంపాదకులకు నమస్కారం.

ఫ్రెంచి చిత్రకారుడు, దౌత్యవేత్త దొమినిక్ వివాన్ దెనో గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసమంతా ఆయన కూడబెట్టిన పురావస్తువుల చుట్టూనే తిరిగింది. గీసిన బొమ్మల ప్రస్తావన రెండు వాక్యాల్లో ముగిసింది. బడిలో ముప్పయ్యేళ్లు డ్రాయింగ్ చెప్పినవాణ్ణి కాబట్టి నా మనసు ఆ రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయింది.

1747లో పుట్టిన దెనో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనూ నేపుల్స్‌లోనూ ఫ్రెంచి రాయబార కార్యాలయాల్లో పనిచేశాడు. నేపుల్స్‌లో ఉండగా ప్రాచీన చిత్రాల కూజాలను వందల సంఖ్యలో సేకరించి, తర్వాత పదహారో లూయీ రాజుకు అమ్మాడు. 1798లో నెపోలియన్ సేన వెంట ఈజిప్టుకు బయలుదేరేనాటికి ఆయనకు 51 ఏళ్లు. నైలు వెంబడి ఎగువకు సాగిన జనరల్ దెసే దళంతో కలిసి తిరుగుతూ, సైన్యం ముందుకు కదిలేలోపు చిక్కిన కాస్త వ్యవధిలోనే, మోకాలి మీద కాగితం ఆనించుకొనో, గుర్రం దిగకుండానో గుళ్లనూ శిథిలాలనూ చిత్రించాడు. ఆ బొమ్మలతో 1802లో పుస్తకం వెలువడింది; అదే ఏడాది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం అధిపతి పదవి ఆయన చేతికి వచ్చింది. ఆ పదవిలో ఉండి నెపోలియన్ సేనలు గెలిచిన దేశాల నుంచి ఆయన ఏరి తెప్పించిన కళాఖండాల్లో చాలావాటిని 1815 తర్వాత తిరిగి ఇచ్చేయవలసి వచ్చింది. దాన్ని సేకరణ అనడానికి నాకు నోరు రాదు.

బొమ్మలు కూడా నిర్దోషులని అనలేను. ఈజిప్టులోని దెందెరా గుడి పైకప్పు మీది రాశిచక్రాన్ని ఆయన గీసి అచ్చు వేయించడంతో దాని పేరు యూరప్ అంతా పాకింది. 1821లో మరో ఫ్రెంచివాడి మనుషులు దాన్ని రంపాలతో, తుపాకి మందుతో ఊడదీసి పారిస్ చేర్చారు. దెందెరాలో ఇప్పుడున్నది నకలు. అయితే హెర్మోపోలిస్‌లో ఆయన చిత్రించిన స్తంభాల మండపాన్ని 1820ల్లో పడగొట్టి రాళ్లు వాడుకున్నారు. నేడు అదెలా ఉండేదో తెలుసుకోవాలంటే ఆనాటి బొమ్మలే దిక్కు.

ఇదంతా ఓరుగల్లు పాఠకుడికెందుకంటే, హనుమకొండకు దగ్గరలోని మా ఊరి చెరువు కట్ట మీద ఒక వీరగల్లు, అంటే చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, ఉండేది. గుర్రం మీద వీరుడు, పైన సూర్యచంద్రులు. గుర్రం ముందుకాలు ఒకటి విరిగిపోయి ఉండేది. ఒక వానాకాలం అది మాయమైంది. ఫిర్యాదు ఇవ్వబోతే మమ్మల్ని అడిగిన మొదటి మాట, "ఫొటో ఉందా?" అని. లేదు. కొలతలూ లేవు. ఆ రాత్రి జ్ఞాపకం మీద గీయడానికి కూర్చుంటే, కత్తి వీరుడి ఏ చేతిలో ఉండేదో నాకే గుర్తు రాలేదు. వందలమంది పిల్లలకు గుర్రం బొమ్మ నేర్పినవాణ్ణి, రోజూ సైకిలు మీద పక్కనుంచి వెళ్తూ చూసిన గుర్రాన్ని ఒక్కసారీ గీయలేదు.

కోటలోని కీర్తితోరణాలకు, వేయిస్తంభాల గుడికి, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్పకు కాపలా ఉంది, ఫొటోలకు కొదవ లేదు. పొలం గట్ల మీది నాగశిలలకు, వేపచెట్ల కింది వినాయకులకు అవేవీ లేవు. నూరేళ్లు దాటిన శిల్పం పురావస్తువేనని 1972 నాటి చట్టం చెబుతున్నా, అది ఎలా ఉండేదో చూపలేనప్పుడు, రేపు ఏ దేశపు వేలంలో కనబడినా మనదని నిరూపించడం కష్టం. మన జిల్లాల కళాశాలల విద్యార్థులతో ఊరూరా ఈ రాళ్ల ఫొటోలు, కొలతలు, గీత బొమ్మలు తీయించి ఒక ప్రతి గ్రామపంచాయతీలో, మరొకటి పురావస్తు శాఖలో భద్రపరచాలని అధికారులను కోరుతున్నాను. ఏ రాయి ఎక్కడుందో చెప్పే జాబితాను మాత్రం అందరి ముందూ పెట్టవద్దు. దెందెరాకు రంపం ఎలా వచ్చిందో చూశాం కదా.

మా కట్ట మీద ఇంకా రెండు నాగశిలలు మిగిలి ఉన్నాయి. పోయిన ఆదివారం టేపు పట్టుకుని వెళ్లి వాటి కొలతలు తీసుకున్నాను.

ఇట్లు,
విశ్రాంత డ్రాయింగ్ మాస్టరు,
హనుమకొండ