దురదకు కారణం చర్మమే కానక్కర్లేదు

సంపాదకుడికి,

బెజవాడ ఎండలకు ఒళ్లు దురద పెడితే చెమటకాయలనో, వేడి చేసిందనో అనుకుంటాం. చాలాసార్లు అదే నిజం కూడా. కానీ నలభై దాటిన ఆడవారికి దద్దుర్లు, పొక్కులు ఏమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట మరీ దురద పెడుతూ, పగలంతా నీరసంగా ఉంటే లివర్‌ను అనుమానించాలి. ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్ అనే లివర్ జబ్బు చాలామందిలో ఇలాగే బయటపడుతుంది. ఈ రోగుల్లో పదికి తొమ్మిదిమంది దాకా ఆడవారే. తాగుడుతో దీనికి సంబంధం లేదు.

లివర్ లోపల పైత్యరసం పారే అతి సన్నని నాళాలపై సొంత రోగనిరోధక కణాలే దాడి చేస్తాయి. వాటి గురి కణాలకు శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోని ఒక ప్రొటీన్ మీద. నాళాలు ఒక్కొక్కటే పాడవుతుంటే పైత్యరసం బయటికి పోలేక నిలిచిపోతుంది. అందులోని లవణాలు సబ్బులా లివర్ కణాల పొరలనే కరిగిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ లివర్ మచ్చకట్టి, గట్టిపడి సిరోసిస్‌గా మారుతుంది.

మనవాళ్లు రిపోర్టులో బిలిరుబిన్, ఎస్‌జీపీటీ చూసి మడిచేస్తారు. ఇక్కడ ముందు పెరిగేది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్. ఇది ఎముకల నుంచి కూడా వస్తుంది. దాంతోపాటు జీజీటీ అనే మరో లివర్ ఎంజైమ్ కూడా పెరిగితే తేడా ఎముకలది కాదు, లివర్‌దే. అల్ట్రాసౌండ్‌లో రాయి, అడ్డు లేవని తేలాక ఏఎంఏ (మైటోకాండ్రియాపై దాడిచేసే యాంటీబాడీల) రక్తపరీక్ష చేయించాలి. ఈ జబ్బున్నవారిలో నూటికి తొంభైమందికి పైగా అది పాజిటివ్ వస్తుంది. ఫాస్ఫటేజ్ ఎక్కువగా ఉండి, ఏఎంఏ 1:40 లేదా ఆపైన ఉంటే సాధారణంగా బయాప్సీ (లివర్ ముక్క తీసి పరీక్షించడం) అక్కర్లేదు. కళ్లు పచ్చబడేదాకా ఆగి, అప్పుడు పసరు మందుకు పరుగెత్తితే చేజేతులా కాలం పోగొట్టుకున్నట్టే.

మందు అర్సోడియాక్సీకోలిక్ ఆసిడ్. కిలో బరువుకు రోజుకు 13 నుంచి 15 మిల్లీగ్రాములు, జీవితాంతం. అరవై కిలోల మనిషికి 300 మి.గ్రా. బిళ్లలు మూడు. రోజుకు ఒక్కటే వేసుకుని 'గుణం లేదు' అనేవారి విషయంలో తప్పు మందుది కాదు, మోతాదుది. దురద తగ్గిందని మానేసినా జబ్బు ఆగదు. ఏడాదికి మళ్లీ ఫాస్ఫటేజ్, బిలిరుబిన్ చూసి, తగ్గకపోతే డాక్టరు రెండో మందు జోడిస్తారు. ఎముకలు గుల్లబారుతాయి కాబట్టి ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ కూడా అడగండి. దురదకు డాక్టరు కొలెస్టైరమిన్ అనే తాగే పొడి రాసిస్తే దానికీ ఈ బిళ్లలకూ నాలుగు గంటల ఎడం ఉంచాలి. లేకపోతే ఆ పొడి మందును పేగులోనే పట్టేస్తుంది.

— ఒక లివర్ వైద్యుడు, సూర్యారావుపేట, విజయవాడ