‘గ్యాస్ కొట్టి ఇచ్చేయండి’ అంటే ఈ వేసవి నుంచి కుదరదు

మన షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. ఆటోనగర్ ఎండ సంగతి బెజవాడ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పుడే షాపు ముందు కార్లు బారులు తీరాయి. దిగినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఏసీ చల్లగా రావట్లేదు, కాస్త గ్యాస్ కొట్టి ఇచ్చేయండి."

ఇకనుంచి అలా ఇవ్వం. ముందు చెకింగ్ చేస్తాం, దానికి 300 రూపాయలు తీసుకుంటాం. పని మా దగ్గరే చేయించుకుంటే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తాం. దీని మీద కొందరు పాత కస్టమర్లు అలిగారు. అందుకే ఈ వివరం.

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఉన్నదే కంప్రెసర్ (గ్యాసును ఒత్తి తిప్పే పంపు), కండెన్సర్ (బండి ముందు భాగంలో వేడిని బయటికి వదిలే జాలీ), కూలింగ్ కాయిల్ (డ్యాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచేది) మధ్య తిరుగుతూ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ హోసుల్లోంచి, సీళ్లలోంచి కొంచెం కొంచెం తగ్గడం మామూలే. కానీ పోయిన ఎండాకాలం నింపించిన బండి ఈ ఎండాకాలానికి ఖాళీ అయిందంటే లీకున్నట్టే. దాన్ని పట్టుకోకుండా మళ్లీ నింపితే మీ డబ్బు గాల్లో కలిసినట్టే. పైగా కంప్రెసర్ ఆయిల్ కూడా గ్యాసుతోనే తిరుగుతుంది. గ్యాస్ బాగా తగ్గితే ఆయిల్ అందక కంప్రెసర్ పట్టేస్తుంది. అప్పుడొచ్చే బిల్లు చూస్తే ఏసీ లేకుండానే వణుకు పుడుతుంది.

ఎక్కువ పోసినా నష్టమే, ప్రెషర్ పెరిగి కూలింగ్ ఇంకా పడిపోతుంది. ఏ బండికి ఎన్ని గ్రాములో చాలా కార్లలో బానెట్ కింద స్టిక్కరు మీదే ఉంటుంది. ప్రెషర్ మీటరు ముల్లు చూసి అంచనాగా కొట్టడం ఎండల్లో మరీ ప్రమాదం. ఇప్పుడు ఎక్కువ కార్లలో ఉన్న ఆర్134ఏ గ్యాస్, బండి ఆపి ఉన్నప్పుడు, 35 డిగ్రీల వేడిలో 115 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గర చూపిస్తే, అంతే గ్యాస్ 45 డిగ్రీల్లో 150 దాటుతుంది. అందుకే పాత గ్యాస్ తీసేసి, వ్యాక్యూమ్ పెట్టి (లోపలి గాలి, తేమ లాగేసి), కాటా మీద తూచి నింపుతాం. ఎన్ని గ్రాములో బిల్లు మీద రాసిస్తాం.

అసలు గ్యాస్ జోలికే పోనక్కర్లేని బళ్లు చాలా వస్తున్నాయి. హైవే మీద బాగానే ఉంటుంది, బెంజ్ సర్కిల్ సిగ్నల్లో ఆగేసరికి వేడిగాలి కొడుతుంది అంటారు. అంటే కండెన్సర్‌కు గాలి అందట్లేదని ముందు అనుమానించాలి. అలాంటి బండి ఇంజన్ ఆన్‌లో ఉంచి కండెన్సర్ మీద పైపుతో నెమ్మదిగా నీళ్లు పోస్తాం. ఒకట్రెండు నిమిషాల్లో లోపల చల్లబడిందా, ఫ్యానో, మురికో కారణం. ముందునుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. దానికీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చి కొట్టి చూడండి: దుమ్ము, పురుగుల రెక్కలు, కోతలప్పుడు ఎగిరొచ్చిన వరిపొట్టు కలిసి గోనెపట్టాలా పేరుకుని ఉంటాయి. అది కడిగితే చాలు. కానీ వాటర్ సర్వీసింగ్ గన్నుతో దగ్గర్నుంచి కొట్టించకండి, సన్నటి రేకులు మడతపడిపోతాయి.

గాలి చల్లగానే ఉండి తక్కువగా వస్తుంటే మా దాకా రానక్కర్లేదు. చాలా కార్లలో ఏసీ ఫిల్టర్ గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, తీసి చూసుకోండి. సెల్లార్లో పెట్టే బళ్లలో ఎలుకలు దూది, ఆకులు తెచ్చి అక్కడే కాపురం పెడతాయి!

లీకు కూలింగ్ కాయిల్లో ఉంటే డ్యాష్‌బోర్డు విప్పాలి. అది గంటలో అయ్యే పని కాదు, బండి ఒక రాత్రి మా దగ్గర ఉంచాల్సి రావచ్చు. తిరుపతి ప్రయాణం రేపనగా తెచ్చి తొందరపెట్టకండి.

వచ్చేముందు బండి మోడల్, కూలింగ్ ఎప్పుడు తగ్గుతోంది, ఆగినప్పుడా, నడుస్తున్నప్పుడా, చివరిసారి గ్యాస్ ఎప్పుడు కొట్టించారు, ఇవి వాట్సాప్‌లో పెట్టండి. ఉదయం పది లోపు బండి ఇచ్చినవాళ్లకు సాయంత్రానికి ఏం పనో, ఎంతవుతుందో చెప్తాం. మీరు సరేనన్నాకే పని మొదలు.